ఉభయకుశలోపరి

"ఉభయకుశలోపరి" అంటే ఏమిటని మొన్న మా కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం పిల్లల్ని అడిగాను. నలభై రెండు మందిలో ఒక్కరూ చెప్పలేదు. వెనక బెంచీలో ఒక కుర్రవాడు మాత్రం లేచి, "ఏదో ఊరి పేరులాగా ఉంది సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆలోచిస్తే ఆ కుర్రవాడి తప్పేమీ లేదు. వాడు పుట్టిందే 2006లో. వాడి యింటికి పోస్టుమాన్ వస్తే ఆధార్ కార్డో, బ్యాంకు వారి నోటీసో తెచ్చి ఉంటాడు గాని ఉత్తరం తెచ్చి ఉండడు.

ఉభయులం క్షేమమే, ఇక ఆ పైన సంగతి ఏమంటే — అని ఆ మాటకు అర్థం. "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను" అన్న రెండు వాక్యాలను కుదించి మన పెద్దలు ఒక్క సమాసంలో పెట్టారు. అది వ్రాస్తే గాని కలం ముందుకు సాగేది కాదు. తండ్రికి వ్రాస్తే "మహారాజశ్రీ తండ్రిగారి పాదపద్మములకు నమస్కరించి వ్రాయునది ఏమనగా" అని మొదలు. కొడుక్కి వ్రాస్తే "చిరంజీవికి ఆశీస్సులు". శుభవార్త అయితే కాగితం నాలుగు మూలలా పసుపు. అశుభం అయితే ఆ కార్డును వీధిలోనే చదివి, అక్కడే చింపి, తల మీద నీళ్ళు పోసుకుని లోపలికి వచ్చేవారు. ఏ ఉత్తరం ఏ వాకిలిదాకా రావచ్చునో కూడా ఒక కట్టుబాటు ఉండేదన్నమాట.

యిప్పుడు పసుపూ, చావూ ఒకే అద్దం మీద, ఒకే గంట మోతతో వస్తున్నాయి. దానికీ దీనికీ కలిపి రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపిస్తున్నాం. ఆ బొమ్మ జపాన్ సెల్‌ఫోన్లలో పుట్టి, 2010లో ప్రపంచ లిపుల పట్టికలో చోటు సంపాదించింది. వాళ్ళకది "దయచేసి" అనటానికీ, "కృతజ్ఞుణ్ణి" అనటానికీ. మనం దాన్ని అచ్చంగా నమస్కారం చేసేసుకున్నాం. మా బంధువుల గ్రూపులో గృహప్రవేశానికి అదే, పదోరోజుకి అదే, "కరెంటు వచ్చింది" అన్నదానికీ అదే. దీన్ని చూసి నొచ్చుకునే పెద్దలున్నారు. నాకు మాత్రం టెలిగ్రాం ఆఫీసులో గోడకు వ్రేలాడే పట్టిక జ్ఞాపకం వస్తుంది. శుభాకాంక్షలన్నిటికీ అంకెలు వేసి ఉంచేవారు. పెళ్ళికి ఒక అంకె, దీపావళికి ఒక అంకె. అంకె చెప్పి డబ్బు కడితే చాలు, ఆశీర్వాదం ఆ ఊరు చేరేది. 2013 జూలై 14తో మన దేశంలో ఆ టెలిగ్రాములు తీసుకోవటం ఆగిపోయింది. అరువు తెచ్చుకున్న ఆశీర్వాదాలు మనకు కొత్త కావు సుమా.

మనిషికీ మనిషికీ మధ్య కంప్యూటరు వచ్చి కూర్చున్న తరువాత మన మాట ఏమైంది, అన్నది నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న ప్రశ్న. నేను కంప్యూటర్ల పండితుణ్ణి కాను, తెలుగు చెప్పుకునేవాణ్ణి. అందుచేత మా యింట్లో జరిగినది చెబుతాను.

మా అన్నయ్య 1999లో అమెరికా వెళ్ళాడు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న భయంతో అక్కడివారు మన కుర్రవాళ్ళను బండ్లకొద్దీ పిలిపించుకుంటున్న రోజులవి. మా ఊరు బాపట్ల. నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులుగా చేసి అప్పటికి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఏరోగ్రాము మీద సన్నటి అక్షరాలతో, మడత అంచులదాకా ఖాళీ లేకుండా వ్రాసేవారు. అది అక్కడికి చేరి, జవాబు తిరిగి వచ్చేసరికి నెల గడిచేది. అన్నయ్య ఓపిక పట్టలేక, "తమ్ముడి పేరుతో నెట్ సెంటరులో ఒక మెయిల్ పెట్టించండి" అని ఫోనులో చెప్పాడు.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందినది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ వారి ద్వారా. మా ఊరు చేరటానికి మరి కొన్నేళ్ళు పట్టింది. బస్టాండు దగ్గర ఒక మేడ గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టి గంటకు నలభై రూపాయలు తీసుకునేవాడు. ఫోను తీగను తగిలించగానే అది పిల్లి గొంతు పట్టుకున్నట్టు కూసి, కూసి, ఊరుకునేది. ఊరుకుంటే అందినట్టు. కూత మధ్యలో ఆగితే మళ్ళీ మొదటికి. యీ తెగిపోవటం మనవాళ్ళ చేతకానితనం కాదని తరువాత తెలిసింది. 1969 అక్టోబరు 29న కాలిఫోర్నియాలో ఒక కంప్యూటరునుంచి మరొక కంప్యూటరుకు మొట్టమొదటిసారి మాట పంపబోయినప్పుడు "లాగిన్" అన్న పదంలో మొదటి రెండు అక్షరాలు వెళ్ళి యంత్రం కాస్తా పడిపోయిందట. యీ సాధనం పుట్టటమే నోట్లో మాట నోట్లో ఉండగా పుట్టింది.

అన్నయ్య మొదటి మెయిలు అచ్చు వేయించి — పేజీకి అయిదు రూపాయలు — యింటికి తెచ్చి నాన్నగారి చేతికి ఇచ్చాను. తెలుగే వ్రాశాడు, ఇంగ్లీషు అక్షరాలతో. నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని, ఎదుట ఉన్నది ఉన్నట్టు పైకి చదివారు: "నెను బగున్నను. మిరు ఎల వున్నరు? అమ్మ మొకలు నొప్పులు తగ్గయ?" అమ్మ వంటింట్లోంచి వచ్చి, "వాడికేమైనా జబ్బు చేసిందా, ఆ మాటలేమిటి?" అన్నది. నాన్నగారు కాగితం దించి, "జబ్బు కాదు. పిల్లవాడు విమానంలో పోతూంటే దీర్ఘాలన్నీ సముద్రంలో పడిపోయినట్టున్నాయి" అన్నారు. తరువాత ఆయన చేసిన పని చూసి నాకు నవ్వు ఆగలేదు. ఎర్ర సిరా కలం తెచ్చి, ఆ ఇంగ్లీషు అక్షరాల నెత్తిన తెలుగు దీర్ఘాలు, ఒత్తులు పెట్టుకుంటూ పోయారు. ముప్ఫై ఏళ్ళు పిల్లల కాంపోజిషన్లు దిద్దిన చెయ్యి మరి!

అన్నయ్య తెలుగు అక్షరాలతోనే ఎందుకు వ్రాయలేదని మీరడగవచ్చు. మన అక్షరాలకు ప్రపంచ పట్టికలో అంకెలు కేటాయించటం 1991లోనే జరిగింది. దానినే యూనికోడ్ అంటారు. అంకె ఉన్నంత మాత్రాన అక్షరం కనిపించదు గదా. ఆ అంకె చూసి బొమ్మ గీయటం ఆ కంప్యూటరుకు తెలియాలి, అవతలి కంప్యూటరుకూ తెలియాలి. ఆ రోజుల్లో తెలియక, తెలుగు వ్రాసి పంపితే అటు ప్రశ్నార్థకాల వరుసో, ఖాళీ గళ్ళో తేలేవి. అందుచేతనే అమెరికాలో చదువుకున్న మనవాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగును తప్పుల్లేకుండా వ్రాసే పద్ధతులు కల్పించుకున్నారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పద్ధతి వాటిలో బాగా వ్యాపించింది. దీర్ఘానికి పెద్ద బడి అక్షరం, హ్రస్వానికి చిన్న బడి అక్షరం — ఇట్లా. దాన్ని యంత్రానికి ఇస్తే చక్కటి తెలుగు లిపిగా మార్చి ఇచ్చేది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు తయారుచేసి ఉచితంగా పంచిపెట్టిన అక్షరరూపాలకు పోతన, వేమన అని పేర్లు పెట్టారు. జీతం లేకుండా, ఎవరూ అడగకుండా, రాత్రిళ్ళు కూర్చుని యీ పనులు చేసినవారికి తెలుగువారు ఎంత ఋణపడి ఉన్నారో యిప్పటికీ సరిగా లెక్క కట్టలేదు.

తరువాత చేతిలోకి సెల్‌ఫోను వచ్చింది. దానితో మరొక చిక్కు. ఫోనులో పంపే పొట్టి సందేశానికి నూట అరవై అక్షరాలు హద్దు. అది ఇంగ్లీషుకు. తెలుగు వ్రాస్తే డెబ్బయి! అవే డబ్బులకు సగం కన్న తక్కువ చోటు. పైగా మన గుణింతాలూ, ఒత్తులూ విడివిడిగా లెక్కకు వస్తాయి. "స్త్రీ" అన్నది మన కంటికి ఒక్క అక్షరం. యంత్రానికి ఆరు గుర్తులు — స, పొల్లు, త, పొల్లు, ర, ఆ మీద గుడి దీర్ఘం. సరదాకు లెక్క వేసి చూశాను. "బ్రహ్మశ్రీ వేదమూర్తులైన" అని మొదలుపెడితే ఆ రెండు మాటలకే ఇరవై మూడు గుర్తులు పోతాయి. సందేశంలో మూడో వంతు సంబోధనకే ఖర్చయిపోతే, ఇక నమస్కారమెక్కడ, ఉభయకుశలమెక్కడ? పిల్లలు మర్యాద మరిచిపోయారని అంటాం గాని, ఆ మర్యాదకు అక్కడ అద్దె ఎక్కువ.

అద్దె లేని రోజులు వచ్చాయి. యిప్పుడు తెలుగు అక్షరం లేని ఫోను లేదు, ఎంత వ్రాసినా అడిగేవాడు లేడు. అయినా మా పిల్లలు ఇంగ్లీషు అక్షరాలను వదలలేదు. డబ్బు లేని రోజున పట్టుకున్న చేతికర్ర కలిమి వచ్చాక కూడా చేతిలో ఉండిపోయింది. దీనివల్ల వచ్చే తిప్పలు మీకు తెలియనివి కావు. కె, ఏ, ఎల్, ఏ అని నాలుగు అక్షరాలు వ్రాస్తే అది కల కావచ్చు, కళ కావచ్చు, కాల కావచ్చు, కాలా అన్న సినిమా కావచ్చు. "సాయంత్రం వస్తూ పి, ఏ, ఎల్, యు తీసుకురండి" అని మా ఆవిడ పంపితే, పాలా పళ్ళా అని ఆలోచించి రెండూ తీసుకువెళ్ళటం నాకు అలవాటయింది.

నన్ను అసలు బాధపెట్టేది యీ తికమక కాదు. తికమక తీరుతుంది, సందర్భం చూసి అర్థం చేసుకుంటాం. కాని రోజుకు రెండు వందల వాక్యాలు తెలుగులో వ్రాసే కుర్రవాడు పరీక్ష కాగితం మీద తెలుగు లిపిలో ఒక పేజీ వ్రాయటానికి గంట తీసుకుంటున్నాడు. మాట ఉన్నది, చమత్కారం ఉన్నది. ఒత్తు ఎక్కడ పెట్టాలో చేతికి తెలియటం లేదు. అచ్చు తెలుగు చూస్తే కళ్ళు కూడబలుక్కుంటున్నాయి. భాష బ్రతికే ఉండి, దాని లిపి పండుగనాడు కట్టుకునే పట్టుబట్ట అయిపోవటం నేను క్లాసులో రోజూ చూస్తున్నాను.

మన అక్షరం యంత్రాలకు ఎంత కొత్తదో తెలియాలంటే ఒక కథ చెప్పాలి. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ప్రపంచమంతటా ఐఫోన్లను పడగొట్టింది. ఆ అక్షరం ఏదనుకున్నారు? జ్ఞా! జ్ఞానానికి మొదటి అక్షరం. అది సందేశంలో వస్తే ఆ సందేశాల పెట్టె మూతపడిపోయేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ పడిపోయేది. ఫోను ముఖద్వారం మీదనే అది కనిపిస్తే ఫోను మొత్తానికే మూర్ఛ. అల్లరి పిల్లలు కొన్నాళ్ళు దాన్ని బాణంలాగా వాడుకున్నారు. మామూలుగా మనం వ్రాసే జ్ఞాకు ఆ శక్తి లేదు. జ, పొల్లు, ఞ, దీర్ఘం అని నాలుగు గుర్తులు గదా. ఆ దీర్ఘానికి ముందు కంటికి కనిపించని ఐదో గుర్తు ఒకటి దూరింది. రెండు అక్షరాలు కలిసిపోకుండా అడ్డం నిలబడటం ఆ గుర్తు పని. "సాఫ్ట్‌వేర్" అని వ్రాసేటప్పుడు వ వెళ్ళి ట కింద ఒత్తుగా దూరకుండా ఆపేది అదే. అక్కరలేని చోట అది కనబడేసరికి బొమ్మ గీసే యంత్రం దిక్కు తోచక కూలబడింది. ఫిబ్రవరి 19న ఆపిల్ వారు మరమ్మతు పంపించారు. అప్పటికి వారం రోజులపాటు తెలుగు పేరు ఎన్నడూ విననివాళ్ళు కూడా "తెలుగు అక్షరం, తెలుగు అక్షరం" అని చెప్పుకున్నారు. ఆ వార్త చదివి నేను సిగ్గుపడాలో, మీసం మెలివెయ్యాలో తేల్చుకోలేకపోయాను.

అక్షరం సంగతి అట్లా ఉంచితే, మాట వెనక ఉండే మౌనం కూడా మారిపోయింది. ఇది ఇంకా పెద్ద సంగతి.

ఉత్తరం వ్రాసి డబ్బాలో వేస్తే జవాబు రాకపోవటానికి నూరు కారణాలుండేవి. తపాలా ఆలస్యం, వాన, ఊళ్ళో లేకపోవటం, పోస్టుమాన్ పక్కింట్లో ఇచ్చిపోవటం. ఆ నూరు కారణాల చాటున బంధుత్వాలు భద్రంగా ఉండేవి. జవాబు వ్రాయటం యిష్టం లేని అల్లుడు సైతం "మీ లేఖ ఆలస్యంగా అందినది" అని ఒక్క వాక్యంతో గట్టెక్కేవాడు. 2014 నవంబరులో వాట్సాప్ వారు నీలం గీతలు తెచ్చారు. మీరు పంపినది అవతలివారు చూశారని ఆ గీతలు చాడీ చెబుతాయి. ఇక అల్లుడికి దారేది? చూశాడు, జవాబివ్వలేదు. ఎందుకివ్వలేదు? రాత్రి పదకొండు గంటలదాకా మేలుకునే ఉన్నాడని కూడా అదే పెట్టె చెబుతున్నది గదా! మా బంధువుల్లో ఒకే పీటమీద అన్నం తిన్న ఇద్దరు తోడికోడళ్ళు యీ నీలం గీతల మూలంగా ఏడాదిపాటు మాట్లాడుకోలేదు. మాట అని పోగొట్టుకున్నది కాదు, మాట అనక పోగొట్టుకున్నది.

కోపం చల్లారే వ్యవధి కూడా పోయింది. మా నాన్నగారు ఒకసారి తన తమ్ముడిమీద పొలం గట్టు విషయమై నాలుగు పేజీలు వ్రాశారు. కవరు అంటించే జిగురు లేక తెల్లవారేదాకా ఆగి, తెల్లవారాక చదువుకుని, రెండు పేజీలు తీసేశారు. పోస్టాఫీసు పదింటికి గాని తెరవరు; ఆలోగా మూడో పేజీ కూడా పోయింది. చివరకు మా బాబాయికి చేరినది కుశలప్రశ్నలతో ఒక పేజీ, అడుగున "గట్టు విషయము ముఖతా మాట్లాడుకుందాము" అని ఒక వాక్యం. యిప్పుడైతే ఆ నాలుగు పేజీలూ రాత్రే వెళ్ళి ఉండేవి, గ్రూపులో అరవై మంది చదివి ఉండేవారు. పంపినది చెరిపే సదుపాయం 2017లో వచ్చిందనుకోండి. కాని చెరిపినచోట "ఇక్కడ ఒకటి ఉండేది, తీసేశారు" అని గుర్తు మిగులుతుంది. అది చూసి అవతలివారు ఊహించుకునేది అసలు వ్రాసినదానికన్న ఘోరంగా ఉంటుంది.

కంఠం లేని మాటతో మరొక ప్రమాదం. మా మేనకోడల్ని కరీంనగర్ వారికి ఇచ్చాం. ఆ అబ్బాయి మంచివాడు, మాటకారి. ఒకనాడు పొద్దున్న మా కుటుంబం గ్రూపులో, "తాత పొద్దుగాలనే పోయిండు" అని పెట్టాడు. వాళ్ళ తాతగారికి ఎనభై ఆరేళ్ళు. మా వైపు పోయారంటే ఇంకేమున్నది? పది నిమిషాల్లో చేతులు జోడించిన బొమ్మలు ముప్ఫై. మా అక్కయ్య ఏడుస్తూ సంచీ సర్దుకుంటున్నది. ఒకాయన ఆత్మశాంతి కోరుతూ దీపం బొమ్మ పెట్టాడు. పది గంటలకు ఆ అబ్బాయి మళ్ళీ ఫోను తీసి చూసుకుని గాభరాపడి, నోటితో మాట్లాడి పంపించాడు: "అయ్యో, తాత పొలం కాడికి పోయిండండీ! మందు కొట్టేటోళ్ళు వచ్చిన్రని పోయిండు." వెనక తాతగారి గొంతు కూడా వినిపించింది. నేను సచ్చిన్నన్నది ఎవ్వడురా, అని.

నవ్వుకున్నాం. నవ్వుకున్న తరువాత నాకు తోచినది వేరు. కోస్తావారూ, తెలంగాణవారూ వియ్యమందుకోవటం కొత్త కాదు. కాని ఆ అబ్బాయి ఉత్తరమే వ్రాసి ఉంటే, బడిలో నేర్పిన భాషలో, "తాతగారు పొలమునకు వెళ్ళినారు" అని వ్రాసి ఉండేవాడు. ఎవరి ఊరి మాటను వారు యింట్లో వదిలి, ఉత్తరానికి ఒక ఉమ్మడి చొక్కా తొడిగేవారు. ఫోను ఆ చొక్కా విప్పించింది. యీ విషయంలో నేను ఫోను పక్షమే. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టి 1940లో పోయారు; మాట్లాడే భాషలో వ్రాసుకోనివ్వండని సగం జీవితం పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన గెలిచారనే పుస్తకాల్లో వ్రాసుకున్నాం గాని, గెలిచినది కూడా చదువుకున్నవారి వాడుక భాష. శ్రీకాకుళం రైతు నోటి మాటా, పాలమూరు కూలి మనిషి నోటి మాటా కాగితం ఎక్కటానికి ఇంకా జంకుతూనే ఉన్నాయి. యీ చిన్న అద్దం మీద ఆ జంకు లేదు. మా క్లాసులో విజయనగరం పిల్ల "ఎటెల్తన్నావు" అని వ్రాస్తే, అనంతపురం కుర్రవాడు "యాటికీ లేదు" అని జవాబిస్తాడు. ఎవరూ దిద్దరు, ఎవరూ సిగ్గుపడరు.

దిద్దే యంత్రం మాత్రం ఒకటి కొత్తగా వచ్చింది. 2022 చివరనుంచి అడిగినదల్లా వ్రాసిపెట్టే కంప్యూటర్లు బయలుదేరాయి గదా. మొన్న ఒక విద్యార్థి సెలవు చీటీ ఇచ్చాడు: "నా యొక్క అమ్మమ్మ యొక్క ఆరోగ్య పరిస్థితి దృష్ట్యా..." ఒక్క తప్పు లేదు, ఒక్క ప్రాణమున్న మాట లేదు. "ఒరేయ్, అమ్మమ్మకు ఏమైందిరా?" అని అడిగితే, "మెట్లమీంచి జారిపడింది సార్, తుంటి విరిగింది, నేను తప్ప ఎత్తేవాళ్ళు లేరు" అన్నాడు కళ్ళనీళ్ళతో. ఆ మాటే వ్రాసి ఉంటే ఎంత బాగుండేది! "యొక్క" అక్కడ ఎందుకు?

వదంతుల సంగతి అందరికీ తెలిసినదే, పెంచను. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో ప్రాకిన పుకారు మన వైపు కూడా ప్రాణాలు తీసింది. ఆ జూలైలో వాట్సాప్ వారు మన దేశంలో ఒక సందేశాన్ని ఒక్కసారికి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేశారు. పూర్వం కూడా "యీ కార్డు చూసినవారు పదకొండు మందికి వ్రాయవలెను, లేనిచో కీడు" అని దేవుడి పేరిట కార్డులు వచ్చేవి. మా నాయనమ్మ భయపడి వ్రాయించేది కూడా. కాని పదకొండు కార్డులు కొనాలి, చేత్తో పదకొండుసార్లు వ్రాయాలి. నాలుగో కార్డుకు చెయ్యి నొప్పి పుట్టి, భయం తగ్గేది. యిప్పుడు భయానికి చెయ్యి నొప్పి లేదు.

ఇక మా యింటి ఉత్తరాల దగ్గరకు వస్తాను. నాన్నగారు 2011లో కాలం చేశారు. ఆయన పెట్టెలో ఏముందని తీసి చూస్తే, మా తాతగారు వ్రాసిన కార్డులు, మేము హాస్టలునుంచి వ్రాసిన ఇన్లాండు కవర్లు సంవత్సరంవారీగా దారాలు కట్టి ఉన్నాయి. అన్నయ్య ఆ పదిహేను రోజులూ ఉన్నాడు. "అమెరికా వెళ్ళిన కొత్తలో నేను నాన్నకు వ్రాసినవన్నీ నా మెయిల్లో ఉన్నాయిరా, వెళ్ళాక అచ్చు వేయించి పంపుతాను" అన్నాడు. వెళ్ళి చూస్తే ఆ పాత మెయిలు తెరుచుకోలేదు. చాలాకాలం వాడలేదని ఆ కంపెనీ వారు ఖాతా మూసి, లోపల ఉన్నవన్నీ తుడిచివేశారు. ఏడేళ్ళ ఉత్తరాలు. ఉద్యోగం పోయిన నెలలో వ్రాసినవి, వాడికి కూతురు పుట్టిననాడు వ్రాసినది. ఎవరినని అడుగుతాం? తలుపు కొట్టటానికి ఆ ఆఫీసుకు వీధి లేదు.

మిగిలినవి పదకొండు. నేను పేజీకి అయిదు రూపాయలిచ్చి తెచ్చినవాటిలో నాన్నగారు దాచుకున్నవి. అన్నీ ఎర్రసిరా దీర్ఘాలతో ఉన్నాయి. మొదటిదాని అడుగున "వర్ణక్రమము శ్రద్ధ వహించవలెను" అని వ్రాసి సంతకం కూడా పెట్టారు. వాటికి ఫోటోలు తీసి అన్నయ్యకు పంపాను. నీలం గీతలు వెంటనే పడ్డాయి. జవాబు మర్నాటిదాకా రాలేదు. యీసారి ఎందుకు రాలేదని ఎవరూ అనుకోలేదు.

ఆ పాత ఉత్తరాలన్నీ నిరుడు వేసవిలో మళ్ళీ వరుసగా చదివాను. చదువుతూంటే ఒక విషయం కొట్టవచ్చినట్టు కనిపించింది. వాటిల్లో అమ్మ లేదు. ముప్ఫై ఏళ్ళ ఉత్తరాల్లో, ప్రతిదాని అడుగునా, "మీ అమ్మ ఆశీస్సులు తెలియజేయమన్నది" అన్న ఒక్క వాక్యం. అమ్మ అయిదో తరగతితో బడి మానింది. వ్రాయటం రాక కాదు. నాన్నగారి దస్తూరీ పక్కన తన అక్షరాలు పెట్టటానికి సిగ్గు. చోటు కూడా ఉండేది కాదు. నాన్నగారు మడత అంచులదాకా తామే నింపేసేవారని చెప్పాను గదా. మీ యింట్లో పాత ఉత్తరాలుంటే తీసి చూడండి, చాలా యిళ్ళల్లో ఇదే కథ ఉంటుంది.

వాట్సాప్‌లో గొంతుతో సందేశం పంపే వీలు 2013లో వచ్చింది. మా అమ్మ దాకా అది రావటానికి మరి ఆరేళ్ళు పట్టింది. మా అమ్మాయి నేర్పింది. "నానమ్మా, యీ మైకు బొమ్మను నొక్కిపట్టి మాట్లాడు, అయిపోయాక వదిలెయ్యి." మొదటిసారి అమ్మ మైకును నొక్కిపట్టి ఊపిరి బిగపట్టుకున్నది, పదకొండు సెకన్ల నిశ్శబ్దం డాలస్ చేరింది. అన్నయ్య దాన్ని కూడా దాచుకున్నాడట. యిప్పుడు అమ్మకు డెబ్బయి ఆరు. రోజూ సాయంత్రం పెరట్లో కూర్చుని నాలుగైదు నిమిషాలు మాట్లాడి పంపుతుంది. "ఒరే నాన్నా, ఉండు, పాలు పొంగుతున్నాయి" అని లేచి వెళితే ఆ ఖాళీ కూడా వెళుతుంది. కాకుల అరుపు, మూడో యింటివాళ్ళ మోటారు చప్పుడు. నాన్నగారు అరవై ఏళ్ళలో వ్రాసినన్ని మాటలు అమ్మ యీ కొద్ది ఏళ్ళలో చెప్పి ఉంటుంది. తన పెళ్ళినాటి సంగతులు, చనిపోయిన మా పెద్దక్క సంగతులు — మాకెవరికీ ఎన్నడూ చెప్పనివి — అవతల మనిషి ముఖం కనిపించదు కాబట్టి చెబుతున్నదేమోనని నా అనుమానం.

అన్నయ్య వాటిని మూడు చోట్ల దాస్తున్నాడు. ఒకసారి కాలినవాడు గదా.

వాడి కూతురికి తెలుగు చదవటం రాదు, మాట్లాడటం వచ్చు. నానమ్మ మాటలను ఒకటిన్నర రెట్ల వేగంతో వింటుంది; 2021లో ఆ సదుపాయం కూడా వచ్చింది. అది తెలిసి అమ్మ, "అంత తొందరేమిటే దానికి, బస్సు వెళ్ళిపోతుందా?" అన్నది. పోయిన నెలలో ఆ పిల్ల హాస్టలు గదిలోంచి అడిగింది: "నానమ్మా, పులిహోరలో ఇంగువ ఎప్పుడు వెయ్యాలి? పోపు ముందా, తరువాతా?" అమ్మ కొంగుతో ఫోను అద్దం తుడుచుకుని, మైకు నొక్కిపట్టి, ముందు ఒంట్లో ఎలా ఉన్నదని, చలి ఎలా ఉన్నదని, నూనె తలకు రాసుకుంటున్నావా లేదా అని అడిగి, మామిడి చెట్టు యీ ఏడు పూత రాలిపోయిందని చెప్పి, తాతగారికి పులిహోరలో అల్లం గిట్టేది కాదని జ్ఞాపకం చేసుకున్నది. ఇంగువ సంగతి అయిదో నిమిషంలో వచ్చింది.